లాగ్‌బుక్‌కెక్కని చావులు: ఓడల యజమానులకు, సముద్రయాన అధికారులకు బహిరంగ లేఖ

అంతర్జాతీయ సముద్రయాన సంస్థ (ఐఎంఓ) సభ్య దేశాల ప్రతినిధులకు,
ఓడల యజమానులకు, ఓడలను అద్దెకు తీసుకుని సరుకు పంపే చార్టరర్లకు,
బ్రిడ్జి (ఓడను నడిపే గది) మీద వాచ్‌లో (కాపలా వంతులో) నిలబడే తోటి అధికారులకు,

నమస్కారం.

సరుకు ఓడల మీద ఇరవై ఏడేళ్లు పనిచేసి ఒడ్డెక్కినవాణ్ణి. ప్రపంచ వాణిజ్య సరుకులో 80 శాతానికి పైగా మీ ఓడల మీదే కదులుతుందనీ, మీ పని ఆగితే లోకం ఆగిపోతుందనీ నాకు వేరే ఎవరూ చెప్పనక్కర్లేదు. మర్యాదలు ఇంతటితో చాలించి విషయానికి వస్తాను.

ఓడలు ఢీకొని నీలి తిమింగలాలు చనిపోతున్నాయి. ఎన్ని చనిపోతున్నాయో రాసిపెట్టే నాథుడు లేడు. ఆపడానికి రెండు దారులున్నాయి: వాటి మేత తావు నుంచి ఓడల దారిని కాస్త పక్కకు జరపడం, జరపలేని చోట వేగం తగ్గించడం. రెండూ ఇప్పటికే కొన్నిచోట్ల చేసి చూసినవే.

ఈ సంగతి మీద ఇంతకుముందు మూడు ఉత్తరాలు రాశాను. మొదటిది అప్పట్లో నాకు జీతమిచ్చిన కంపెనీకి. దానికి జవాబు లేదు. రెండోది ఆ ఓడ ఏ దేశపు జెండా కట్టుకుందో ఆ దేశపు నౌకా విభాగానికి. "మీ లేఖ అందింది" అని వచ్చింది. మూడోది ఒక ఓడల యజమానుల సంఘానికి. వాళ్లు పర్యావరణం మీద తమ శ్రద్ధను వివరిస్తూ రంగుల బ్రోషర్ పంపారు, అట్ట మీద నీళ్లలోంచి ఎగురుతున్న తిమింగలం. నేను రాసింది నీలి తిమింగలం గురించి, అట్ట మీద ఉన్నది హంప్‌బ్యాక్ అనే వేరే జాతి.

అందుకే ఈ నాలుగోది అందరూ చదివేలా రాస్తున్నాను, అదీ తెలుగులో. ఇంగ్లీషులో రాసి చూడటం అయింది కదా. పైగా బ్రిడ్జి మీదా ఇంజన్ రూములోనూ ఈ భాష మాట్లాడుకునేవాళ్లు తక్కువేం లేరు. మీకు చదివి చెప్పే మనిషి మీ ఓడలోనే దొరుకుతాడు.

ముందు నేను చూసింది చెప్తాను.

హిందూ మహాసముద్రం. కంటైనర్ ఓడ. నేను సెకండ్ మేట్‌ని (కెప్టెన్, చీఫ్ మేట్ తర్వాతి అధికారిని), రాత్రి 12 నుంచి 4 దాకా వాచ్ నాది. గాలి లేదు, అల లేదు, వేగం 19 నాట్లు (గంటకు సుమారు 35 కిలోమీటర్లు). రాడార్‌లో రెండు ఓడలు, అవీ ఎక్కడో దూరంగా. నా వాచ్‌లో ఏమీ జరగలేదని లాగ్‌లో (ఓడ రోజువారీ చిట్టాలో) రాసి సంతకం పెట్టి వెళ్లి పడుకున్నాను.

పొద్దున చీఫ్ ఇంజనీర్ ఫోన్ చేశాడు. ఆర్‌పీఎం (ఇంజన్ నిమిషానికి తిరిగే చుట్లు) మారలేదు, ఇంధనం అంతే తాగుతోంది, వేగం మాత్రం ఒక నాట్‌కు పైగా పడిపోయింది, సంగతేమిటని అడిగాడు. ఎదురు ప్రవాహం అయివుంటుందన్నాం. మర్నాడు సాయంత్రం రేవు బయట లంగరు దించడానికి ముందుకు వెళ్లిన బోసన్ (డెక్ పనివాళ్ల పెద్ద) రెయిలింగ్ మీంచి కిందికి తొంగి చూసి, వాకీటాకీలో ఒక్క మాట అన్నాడు: "సార్, ముక్కుకి ఏదో చుట్టుకుంది."

కెప్టెన్ నన్ను చూసి రమ్మన్నాడు. వెళ్లి చూశాను. ఓడ ముక్కు కింద పొడుచుకొచ్చి ఉండే బల్బుకు అటు సగం, ఇటు సగం మడతపడి ఉంది. తడిపిన పలక రంగు ఒళ్లు, దాని మీద సున్నం చిలకరించినట్టు మచ్చలు. గడ్డం నుంచి బొడ్డు దాకా నాగటి చాళ్లలాంటి గీతలు. నీళ్లు తగిలినప్పుడల్లా ఒక రెక్క లేచి పడుతుంటే ఇంకా ప్రాణం ఉందేమో అనిపించింది. వాసన చెప్పింది లేదని. లంగరు పట్టు కుదరడానికి ఇంజన్‌ను వెనక్కి తిప్పారు. ఆ ఒళ్లు మెల్లగా జారింది, ఒకసారి దొర్లింది, నిమిషంలో కనబడకుండా పోయింది. తీసిన ఫొటోలు రెండే. చాలా ఏళ్ల తర్వాత ఒక సముద్ర జీవశాస్త్రవేత్తకు చూపిస్తే నీలి తిమింగలమేననీ, ఇంకా పూర్తిగా ఎదగనిదనీ చెప్పారు.

లాగ్‌బుక్‌లో మేం ఏం రాశామో తెలుసా? ఎదురు ప్రవాహం. కంపెనీకి పంపిన రిపోర్టులోనూ అదే. "రాస్తే విచారణ అంటారు, బల్బు చూడ్డానికి డైవర్లను దించమంటారు, ఓడ ఆగుతుంది, ఎవడు పడతాడు?" అన్నాడు కెప్టెన్. చెడ్డవాడు కాదు. రాత్రి పూట డెక్ మీద పడే పక్షులను అట్టపెట్టెలో పెట్టి తెల్లారాక వదిలే మనిషి. అంత పరుగెత్తి చేరిన మేం రేవులో బెర్త్ (ఓడ నిలిపే చోటు) ఖాళీ లేక అదే చోట 31 గంటలు లంగరు మీద కూర్చున్నాం.

మన పురాణాల్లో తిమి అంటే పెద్ద చేప. దాన్ని మింగేది తిమింగిలం. తిమింగిలాన్నీ మింగేది తిమింగిలగిలం. అసలు నీలి తిమింగలం ఏ తిమినీ మింగదు. గొంతు ఇరుకు, తినేది వేలెడంత కూడా లేని, క్రిల్ అనే రొయ్యలాంటి జీవాన్ని. తిమింగిలగిలం మాత్రం ఉంది, దాని మీద నేను సెకండ్ మేట్‌గా పనిచేశాను.

ఇప్పుడు ఆ లాగ్‌బుక్‌ను ఒక పాత చిట్టా పక్కన పెట్టి చూడండి.

తెరచాపల కాలంలో నీలి తిమింగలాన్ని పట్టడం ఎవరి తరమూ కాలేదు. పడవకు అందని వేగం దానిది, చంపినా మునిగిపోయే ఒళ్లు. 1860లలో నార్వేకు చెందిన స్వెండ్ ఫోయిన్ ఆవిరి ఓడ మీద పేలే హార్పూన్ బిగించాక కథ మారింది. శవంలోకి గాలి కొట్టి తేలేలా చేసి, జెండా గుచ్చి వదిలి, ఇంకోదాని వెంట పడేవారు. 1904లో దక్షిణ జార్జియా దీవిలో గ్రిట్వికెన్ వేట కేంద్రం మొదలైంది. 1925 నుంచి వెనుక వాలుబాట ఉన్న ఫ్యాక్టరీ ఓడలు వచ్చి, తిమింగలాన్ని నడిసముద్రంలోనే పైకి లాగి కోయడం సాధ్యమైంది. 1930–31 వేట కాలం ఒక్కదానిలోనే అంటార్కిటిక్ జలాల్లో 29 వేలకు పైగా నీలి తిమింగలాలను చంపారు.

ఈ అంకె మనకెలా తెలుసు? వాళ్లు రాశారు కాబట్టి. ఆడదా మగదా, పొడవెంత, కడుపులో పిల్ల ఉందా, ఏ రోజు, ఎక్కడ. అన్నీ రాశారు. కోటా లెక్కలకు ఏకంగా "నీలి తిమింగలం యూనిట్" అని ఒక కొలమానమే పెట్టుకున్నారు: ఒక నీలి తిమింగలానికి రెండు ఫిన్ తిమింగలాలు సమానం, లేదా రెండున్నర హంప్‌బ్యాక్‌లు, లేదా ఆరు సేయి తిమింగలాలు. అంతర్జాతీయ తిమింగల కమిషన్ (ఐడబ్ల్యూసీ) 1960లలో నీలి తిమింగలం వేటను నిషేధించాక కూడా సోవియట్ ఓడలు దొంగచాటుగా వేటాడాయి. ఆ 1960లలోనే ఉత్తర హిందూ మహాసముద్రంలో వెయ్యికి పైగా చంపాయి. కమిషన్‌కు తప్పుడు లెక్క పంపి, అసలు లెక్క తమ దగ్గర దాచుకున్నాయి. 1990లలో అలెక్సీ యాబ్లోకోవ్ వంటి రష్యన్ శాస్త్రవేత్తలు ఆ నిజం చిట్టాలను బయటపెట్టారు. దొంగ వేటగాడు కూడా అసలు లెక్క చింపి పారేయలేదు.

ఆ చిట్టాల వల్లే ఇవాళ చెప్పగలుగుతున్నాం: వేటకు ముందు అంటార్కిటిక్ నీలి తిమింగలాలు సుమారు 2,39,000. 1970ల మొదటికి మిగిలినవి సుమారు 360. 1990ల చివరికి కోలుకుని 2,280 దాకా వచ్చాయని అంచనా. ప్రపంచం మొత్తం మీద అన్ని రకాలూ కలిపినా ఇవాళ 10 వేల నుంచి 25 వేల లోపు. కాన్పుకూ కాన్పుకూ రెండు మూడేళ్ల ఎడం, కాన్పుకు ఒకటే పిల్ల. ఒక్క ఆడ తిమింగలం పోతే ఆ లోటు పూడటానికి ఎన్నేళ్లు పడుతుందో మీరే లెక్క వేసుకోండి.

మరి ఓడల కింద పడి పోతున్నవాటి చిట్టా ఏది? 2017లో వెలువడిన ఒక అధ్యయనం అమెరికా పశ్చిమ తీరంలోనే ఏటా 18 నీలి తిమింగలాలు ఓడలు ఢీకొని చనిపోతుండవచ్చని అంచనా వేసింది. ఒడ్డుకు కొట్టుకొచ్చి కంటబడేవి అందులో చాలా తక్కువ. మిగతావన్నీ నేను చూసినదానిలాగే కిందికి పోతాయి. గాలి కొట్టి తేల్చేవాడు ఇప్పుడు లేడు.

మనం రాయకపోయినా అది తన లెక్క తాను రాసుకుంటుంది. నీలి తిమింగలం చెవిలో గుబిలి బయటికి రాదు, పొర మీద పొరగా పుట్టుక నుంచి చావు దాకా పేరుకుంటుంది. 2007లో శాంటా బార్బరా దగ్గర ఓడ ఢీకొని చనిపోయిన ఒక మగ తిమింగలం చెవిలోంచి జానెడు పొడవున్న గుబిలి కడ్డీ తీశారు. దాన్ని పొరలుగా విడదీసి పరీక్షించిన వివరాలు 2013లో వచ్చాయి. వయసు పన్నెండేళ్లు. పురుగుమందుల అవశేషాలు అన్నిటికన్నా ఎక్కువ కనబడింది మొదటి ఆరు నెలల పొరల్లో, అంటే తల్లి నుంచి వచ్చినవి. ఒత్తిడి హార్మోన్ ఏ వయసులో పెరిగిందో, ఈడు ఎప్పుడు వచ్చిందో, పాదరసం ఎప్పుడు ఒంట్లో చేరిందో అన్నీ వరసగా ఉన్నాయి. చివరి పొర దగ్గర మీ రంగం ఉంది.

ఇక మీ ముందు ఉంచదలచిన విషయాలు:

1. అది తప్పుకోదు, మీరు ఆపలేరు. ఓడ దగ్గరికొస్తే నీలి తిమింగలం పక్కకు ఈదిపోతుందని చాలామంది అనుకుంటారు, నేనూ అనుకునేవాణ్ణి. పరిశోధకులు వాటికి పరికరాలు అతికించి గమనిస్తే తేలింది వేరు: అది నిదానంగా, లోతు తక్కువగా మునగడం తప్ప పక్కకు జరగదు. ఓడను తప్పించుకోవడం దాని ఒంటికి అలవాటు లేదు. రాత్రిళ్లు పైపైనే ఎక్కువసేపు ఉంటుంది. ప్రొపెల్లర్ చప్పుడు వెనకనుంచి వస్తుంది, ముందుకు వచ్చేసరికి ఓడ ఒళ్లే దానికి అడ్డం, కాబట్టి ముక్కుకు ఎదురుగా ఉన్నదానికి ప్రమాదం సరిగా వినిపించదు. ఇటు బ్రిడ్జి మీద ఉన్నవాడికి రాత్రి ఏమీ కనబడదు. కనబడినా, ఇంజన్ ఆపిన తర్వాత కూడా పెద్ద ఓడ మైలుకు పైనే దూసుకుపోతుంది. ఈ పరిస్థితిలో "లుకౌట్ జాగ్రత్తగా ఉండాలి" అని సర్క్యులర్ పంపడం నిందను కింది ఉద్యోగి మీదికి తోయడమే. నేను ఆ చోట నిలబడ్డాను కాబట్టి చెబుతున్నాను.

2. ఓడల దారి, వాటి మేత తావు ఒకటే అయిపోయాయి. అన్నిటికన్నా స్పష్టమైన ఉదాహరణ శ్రీలంక దక్షిణ కొన, దొండ్రా దగ్గర. అక్కడ ఖండపు అంచు తీరానికి బాగా దగ్గర. లోతైన నీళ్లు పైకి ఉబికి మేత పుష్కలంగా ఉంటుంది. మిగతా చోట్ల నీలి తిమింగలాలు చాలావరకు మేతకు చల్లటి జలాలకు పోతాయి. ఉత్తర హిందూ మహాసముద్రపు జాతి అలా పోదు, ఏడాది పొడుగునా ఈ వెచ్చటి నీళ్లలోనే కాపురం. సూయజ్ నుంచి మలక్కా వైపు పోయే ఓడల బారు సరిగ్గా ఆ అంచు మీదుగానే వెళ్తుంది. ఆ దారిని 15 నాటికల్ మైళ్లు (సుమారు 28 కిలోమీటర్లు) దక్షిణానికి జరిపితే ఢీకొనే ప్రమాదం 95 శాతం దాకా తగ్గుతుందని సర్వేల ఆధారంగా లెక్కగట్టారు. సూయజ్ నుంచి సింగపూర్‌కు దాదాపు 5,000 నాటికల్ మైళ్లు. అందులో పెరిగేది కొద్ది మైళ్లు. చార్ట్ మీద డివైడర్లు పెట్టి కొలిచి చూడండి. కంటైనర్ ఓడలు నడిపే ఎంఎస్‌సీ సంస్థ 2022 నుంచి తన ఓడలను తానే దక్షిణానికి మళ్లించుకుంది, దాని వ్యాపారం మునిగిపోలేదు. అధికారికంగా దారి మారాలంటే మాత్రం తీర దేశం ప్రతిపాదన పెట్టాలి, ఐఎంఓ ఆమోదించాలి. ఈ మాట ఏళ్ల తరబడి సమావేశాల్లో నలుగుతూనే ఉంది.

కుదరదనడానికి లేదు. కెనడాలోని ఫండీ అఖాతంలో రైట్ తిమింగలాలు అనే మరో జాతి కోసం 2003లో ఓడల దారి మార్చారు. కాలిఫోర్నియాలో లాస్ ఏంజెలిస్, శాన్‌ఫ్రాన్సిస్కో రేవులకు వెళ్లే దారులను 2013లో సవరించారు.

3. వేగమే ప్రాణం తీస్తోంది. పెద్ద తిమింగలాల ఢీకొట్ల మీద 2007లో వచ్చిన విశ్లేషణ ప్రకారం ఓడ 15 నాట్ల మీద ఉంటే దెబ్బ ప్రాణాంతకం అయ్యే అవకాశం దాదాపు 80 శాతం, 9 నాట్ల లోపుకు వస్తే దాదాపు 20 శాతం. ఇప్పుడు గంటల లెక్క చూద్దాం. మేత మండలం 100 నాటికల్ మైళ్లు ఉందనుకోండి. 19 నాట్లతో దాటడానికి అయిదుంపావు గంటలు, 10 నాట్లతో పది గంటలు. తేడా అయిదు గంటల లోపు. మేం లంగరు మీద ఊరికే కూర్చున్నది 31 గంటలు! ముందు చేరినవాడికి ముందు బెర్త్ అనే రేవుల పద్ధతి వల్లా, "ఎంత త్వరగా వీలైతే అంత త్వరగా" అనే చార్టర్ షరతు వల్లా ఓడలు పరుగెత్తి వెళ్లి వరసలో నిలబడుతున్నాయి. ఈ రంగంలో ఉన్నవాళ్లందరికీ తెలిసిన వెర్రితనం ఇది.

4. చప్పుడు. నీలి తిమింగలం పిలుపు 10 నుంచి 40 హెర్ట్జ్ మధ్య, మనిషి చెవికి అందీ అందని మంద్రం. వందల కిలోమీటర్లు పోతుంది. ప్రొపెల్లర్ రొద కూడా ఆ స్థాయిలోనే. కాలిఫోర్నియా దగ్గర శాన్ నికొలస్ దీవి వద్ద 1960ల రికార్డింగులను 2003–04 నాటివాటితో పోలిస్తే ఆ మంద్ర స్థాయి రొద 10 నుంచి 12 డెసిబెల్స్ పెరిగింది. 10 డెసిబెల్స్ అంటే శక్తిలో పది రెట్లు. అంత విశాలమైన నీళ్లలో ఇంత తక్కువ జీవాలు ఒకదాన్నొకటి వెతుక్కోవాలి, వాటికున్న ఆధారం ఆ పిలుపొక్కటే. ప్రొపెల్లర్ రొద తగ్గించడంపై ఐఎంఓ 2014లో మార్గదర్శకాలు ఇచ్చింది, 2023లో సవరించింది. పాటించాలన్న నిర్బంధం లేదు. సాధారణంగా వేగం తగ్గితే రొదా తగ్గుతుంది, కాబట్టి మూడో అంశానికి ఇచ్చే మందే దీనికీ పనిచేస్తుంది.

5. సామాన్యుల మాట. తిమింగలాల గురించి మాట్లాడితే "మనుషుల గోడు చూడండి ముందు" అంటారు. చూద్దాం. దొండ్రా ముందు ఆ దారి మీదే చేపల పడవలూ తిమింగలాలను చూపించే పడవలూ తిరుగుతాయి. కొన్ని పడవలు రాడార్‌లో సరిగా పడవు కూడా. దారి పక్కకు జరిగితే ఆ మనుషులూ బతుకుతారు. మత్స్యకారుడి పడవను ఢీకొన్న సంగతి సైతం తెలియకుండా సాగిపోయే ఓడలున్నాయని మీకూ తెలుసు, నాకూ తెలుసు. శ్రీలంక దక్షిణ తీరంలోని మిరిస్సలో ఈ జీవాన్ని చూపించి బతికే కుటుంబాలున్నాయి, అది పోతే వాళ్ల జీవనం పోతుంది. వేగంగా నడిచే ఫెర్రీలు తిమింగలాలను ఢీకొని ప్రయాణికులు గాయపడిన సందర్భాలున్నాయి.

6. రేవుల పక్క నివసించేవాళ్లు పీల్చేది మీ ఇంజన్ల పొగే. వేగాన్ని పదో వంతు తగ్గిస్తే ఇంజన్ మీది భారం పావు వంతుకు పైగా తగ్గుతుంది, ఏ ఇంజనీర్‌ను అడిగినా చెబుతాడు. కాలిఫోర్నియాలో 2014 నుంచి నడుస్తున్న వేగ నియంత్రణ పథకం ఈ రెండు ప్రయోజనాలనూ కలిపే మొదలైంది: తిమింగలాలకు రక్షణ, తీరవాసులకు శుభ్రమైన గాలి. అది స్వచ్ఛంద పథకం. సహకరించే కంపెనీలున్నాయి, వాటికి ధన్యవాదాలు. ఇష్టమైనవాళ్లు మాత్రమే ఆగే ఎర్రదీపం కూడలిలో ఎంతవరకు పనిచేస్తుందో ఆలోచించండి.

7. మేత. నీలి తిమింగలం ఇనుము నిండిన క్రిల్‌ని తిని, పైపొర నీళ్లలో విసర్జిస్తుంది. ఇనుము కొరత ఉన్న దక్షిణ సముద్రంలో సూక్ష్మ మొక్కలకు అది ఎరువు. ఆ మొక్కల మీద క్రిల్, దాని మీద మిగతా సముద్రం. తినేవాళ్లు తగ్గితే క్రిల్ పెరుగుతుందనుకున్నవాళ్ల అంచనా అందుకే తప్పింది. అదే క్రిల్‌ని చేపల దాణాకూ, నూనె గుళికలకూ పట్టుకుపోతున్నాం. సముద్రం వేడెక్కడం, తిమింగలం నోట్లోకి రోజుకు లక్షల్లో పోయే ప్లాస్టిక్ రేణువులు, చుట్టుకునే వలల తాళ్లు, ఇవన్నీ నిజమైన ముప్పులే. అవి ఒక్క మీ చేతిలో ఉన్నవి కావు కాబట్టి పొడిగించను. మీ చేతిలో ఉన్నది చుక్కాని, ఇంజన్ మీట, కలం.

నా కోరికలు:

1. ఏ ఓడ అయినా తిమింగలాన్ని ఢీకొంటే, లేదా ఢీకొన్నట్టు అనుమానం వచ్చినా, సమయం, స్థానం, వేగంతో లాగ్‌బుక్‌లో రాయడం, ఐడబ్ల్యూసీ నడిపే ఢీకొట్ల డేటాబేస్‌కు పంపడం ఐఎంఓ తప్పనిసరి చేయాలి. ఆ డేటాబేస్ ఇప్పటికే ఉంది. ఢీకొట్లు తగ్గించడానికి 2009లోనే ఐఎంఓ సూచనలు ఇచ్చింది. సూచన స్థాయి నుంచి నిబంధన స్థాయికి తీసుకురావడమే మిగిలింది.

2. రాసినవాడికి శిక్ష ఉండకూడదు. ఇది అన్నిటికన్నా ముఖ్యం. నిజం రాస్తే ఓడ ఆగుతుంది, ఉద్యోగం పోతుంది అనుకున్నంతకాలం ప్రపంచంలోని లాగ్‌బుక్కులన్నిట్లో ఎదురు ప్రవాహమే పారుతుంది. నివేదిక ఇచ్చిన సిబ్బందికి రక్షణ, పనికి ఆటంకం లేని పరిశీలన పద్ధతి కావాలి. దాచినందుకు జరిమానా మాత్రం యజమానికి పడాలి, మేట్‌కు కాదు.

3. దొండ్రా దగ్గర ఓడల దారిని దక్షిణానికి జరపాలి. శ్రీలంక ప్రభుత్వం ప్రతిపాదన పెట్టాలి, మిగతా సభ్య దేశాలు మద్దతివ్వాలి. అది తేలేదాకా కంపెనీలు తమంత తామే ఆ 15 మైళ్లు తప్పుకుని పోవాలి. ఇందుకు ఎవరి అనుమతీ అక్కర్లేదు, పాసేజ్ ప్లాన్‌లో (ప్రయాణ పథకంలో) రెండు వేపాయింట్లు (దారి మలుపుల గుర్తులు) మార్చమని మెయిల్ పెడితే చాలు.

4. దారి మార్చడం కుదరని మేత మండలాల్లో, తిమింగలాలు వచ్చే నెలల్లో, 10 నాట్ల పరిమితి తప్పనిసరి చేయాలి. అమెరికా తూర్పు తీరంలో రైట్ తిమింగలాల కోసం 2008 నుంచి 65 అడుగులు, అంతకు మించిన ఓడలకు ఈ నిబంధన అమల్లో ఉంది. చిలీలోని కొర్కొవాడో అఖాతం వంటి మేత తావుల్లో చిన్నా పెద్దా పడవలన్నిటికీ ఇది వర్తించాలి.

5. చార్టరర్లు తమ ఒప్పందాల్లో, ఈ మండలాల్లో తగ్గించిన వేగానికి ఓడ యజమాని మీద నష్టపరిహారం అడగబోమని ఒక వాక్యం చేర్చాలి. రేవులు బెర్త్ సమయం ముందే చెప్పి, సమయానికి వచ్చేలా ఓడలను నడవనివ్వాలి. ఐఎంఓ కూడా ప్రోత్సహిస్తున్న పద్ధతే ఇది.

బ్రిడ్జి మీది మిత్రులకు ఒక మాట. పై నుంచి ఆర్డరు వచ్చేదాకా ఆగనక్కర్లేదు. పొద్దున ఆర్‌పీఎం మారకుండా వేగం పడిపోతే ఒకసారి ముందుకు నడిచి వెళ్లి కిందికి చూడండి. నేను చూడలేదు, రోజున్నర పాటు.

ఈ లేఖకు "అందింది" అనే జవాబు వద్దు. పై అయిదింటిలో ఏవి ఒప్పుకుంటారు, ఏవి ఒప్పుకోరు, ఎందుకు ఒప్పుకోరు అన్నది రాయండి. ఒప్పుకోనివాటికి కారణం సబబుగా ఉంటే దాన్నీ అందరికీ చదివి వినిపిస్తాను.

ఆ ప్రయాణపు లాగ్‌ను దిద్దే అధికారం ఇప్పుడు నాకు లేదు. ఆ పేజీలో ఉండాల్సిన పద్దు ఇక్కడ రాస్తున్నాను, డేటాబేస్ వాళ్లు తీసుకుంటామంటే ఫొటోలతో సహా ఇస్తాను:

సమయం: తెలియదు, బహుశా 12–4 వాచ్.
స్థానం: తెలియదు, పొద్దున వేగం పడిపోయిన చోటుకు వెనక.
ఓడ వేగం: 19 నాట్లు.
సముద్రం: ప్రశాంతం.
ప్రవాహం: లేదు.
ఢీకొన్నది: నీలి తిమింగలం, ఒకటి.

ఇట్లు,
అప్పుడు వాచ్‌లో ఉన్న సెకండ్ మేట్